బ్రౌజర్ ఏది పెట్టుకోవాలి? ఇంటి వాడకానికీ, వెబ్‌సైట్ పనికీ

“ఏ బ్రౌజర్ మంచిదక్కా?” అని ఎవరైనా అడిగితే నేను ఎదురు రెండు ప్రశ్నలు వేస్తాను. మీ సిస్టమ్ ఎంత పాతది? దాని మీద రోజూ చేసే పనేంటి? ఇవి తెలుసుకోకుండా ఒక పేరు చెప్పేస్తే అది సలహా అవదు, ప్రచారం అవుతుంది.

నేను శ్రీకాకుళంలో ఇంటి దగ్గర నుంచే చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేస్తుంటాను. పలాస జీడిపప్పు అమ్మేవాళ్లు, పొందూరు ఖద్దరు అమ్మేవాళ్లు, కోచింగ్ సెంటర్లు, ఒకటి అరా కల్యాణ మండపాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్య నెట్ సెంటర్‌కి వెళ్లి కూర్చుంటాను. హాల్ టికెట్లు, భూమి కాగితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, అక్కడ అదో లోకం. పొద్దున్న బ్రౌజర్ లోపలి గోల, మధ్యాహ్నం బయటి గోల. రెండూ చూసి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఒక్క బ్రౌజర్‌తో అన్నీ నెట్టుకురావద్దు. రెండు పెట్టుకోండి, ఆ రెండూ వేర్వేరు ఇంజన్లవి అయ్యేలా చూసుకోండి.

ముందు ఇంజన్ల లెక్క

బయటికి చాలా పేర్లు కనబడతాయి గానీ, లోపల పేజీని గీసే పెద్ద ఇంజన్లు మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నీ గూగుల్ నడిపే ఉచిత బ్రౌజర్ కోడ్ క్రోమియం మీద కట్టినవే. వాటి ఇంజన్ పేరు బ్లింక్. ఒకే ఛాసిస్ మీద బాడీలు మార్చి, రంగులు మార్చి తిప్పే బస్సుల్లాంటివి ఇవన్నీ. ఫైర్‌ఫాక్స్‌కి గెకో అని వేరే ఇంజన్ ఉంది. సఫారీది వెబ్‌కిట్. మైక్రోసాఫ్ట్ 2015లో సొంత ఇంజన్‌తో ఎడ్జ్ తెచ్చింది, 2020 జనవరికల్లా దాన్ని వదిలేసి క్రోమియంలోకి వచ్చేసింది. ఒపెరా 2013లోనే వచ్చేసింది.

ఇది తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. క్రోమ్‌లో వంకరగా కనబడుతున్న పేజీని ఎడ్జ్‌లో తెరిచి చూడడం చాలా వరకు దండగ, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తేడా తెలుస్తుంది. ఐఫోన్ సంగతి ఇంకా విచిత్రం. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే. అది యాపిల్ పెట్టిన నియమం. 2024లో యూరోపియన్ యూనియన్ దేశాల వాళ్లకి సడలించారు గానీ ఆ సడలింపు మనదాకా రాలేదు. ఐఫోన్ 7 లాంటివి ఐఓఎస్ 15 దగ్గరే ఆగిపోయాయి. అలాంటి ఫోన్‌లో సైట్ సరిగ్గా రాకపోతే “క్రోమ్ దింపుకోండి” అని చెప్పి లాభం లేదు. పేరు మారుతుంది, ఇంజన్ అదే పాతది.

ఇంటి వాడకానికి, నెట్ సెంటర్‌కి

8 జీబీ ర్యామ్ ఉండి, విండోస్ కొత్తదైతే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏదైనా నడుస్తుంది. వేగం తేడా మామూలు వాడకంలో చేతికి తెలియదు. ఇబ్బందల్లా పాత సిస్టమ్‌లతోనే. విండోస్ 7 మీద క్రోమ్ 109వ వెర్షన్‌తో ఆగిపోయింది, అది 2023 జనవరి నాటిది. ఫైర్‌ఫాక్స్ మాత్రం 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే రకం) అనే వెర్షన్‌కి ఆ తర్వాత కూడా చాలా కాలం భద్రతా అప్‌డేట్లు ఇచ్చింది. విండోస్ 7 వదల్లేని వాళ్లకి నేను అదే పెట్టిస్తాను. అలా పెట్టినా ఆ సిస్టమ్ మీద బ్యాంకు పని మాత్రం చేయొద్దని చెబుతాను.

క్రోమ్ ర్యామ్ తినేస్తుందని అందరూ అంటారు. ఊరికే అనుకోవడం ఎందుకు, చూడండి. క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్ ఎంత తింటోందో, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఎంత తింటోందో వరసగా ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో మెనూలోకి వెళ్లి ‘మోర్ టూల్స్’లో చూస్తే అలాంటిదే ఉంది. నెట్ సెంటర్‌లో నేను చూసినంత వరకు దోషి చాలాసార్లు ఎవరో ఎప్పుడో వేసిన కూపన్ల ఎక్స్‌టెన్షనో, వెనక మర్చిపోయిన వీడియో ట్యాబో అయి ఉంటుంది. దాన్ని తీసేసి, క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్ చేస్తే వాడని ట్యాబులు నిద్రపోతాయి, 4 జీబీ సిస్టమ్ కూడా ఓపిగ్గా నడుస్తుంది. ఒక్క జాగ్రత్త. సగం నింపిన దరఖాస్తు ట్యాబ్‌ని అలా వదిలి వేరే పనిలో పడిపోవద్దు. నిద్ర లేచేటప్పుడు పేజీ మళ్లీ లోడ్ అయితే నింపిందంతా పోతుంది. ఆ సైట్‌ని మినహాయింపు జాబితాలో పెట్టుకోవచ్చు.

ఇక మా దగ్గరికి రోజూ వచ్చే ఫిర్యాదు: “ఫోన్‌కి వైరస్ పట్టిందమ్మా, ఊరికే మెసేజ్‌లు వస్తన్నాయి.” చూస్తే తొంభై పాళ్లు అది వైరస్ కాదు. ఏదో సినిమా సైట్‌లోనో, రిజల్ట్స్ సైట్‌లోనో “నోటిఫికేషన్లు పంపమంటారా?” అని అడిగితే పేజీ తెరుచుకోవాలన్న తొందరలో ‘అలవ్’ నొక్కేసి ఉంటారు. ఆ రోజు నుంచి ఆ సైట్ బ్రౌజర్ ద్వారానే ‘మీ ఫోన్‌లో వైరస్‌లు ఉన్నాయి, ఇక్కడ నొక్కండి’ అని పంపుతూ ఉంటుంది. నొక్కితే అప్పుడు నిజంగా వైరస్ పట్టే ప్రమాదం ఉంది. యాంటీ వైరస్ యాప్ కొనక్కర్లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనబడుతుంది. తెలియని పేరల్లా తీసేయండి. ఇంకెప్పుడూ ఏ సైటూ అడక్కుండా కూడా అక్కడే ఆపేయొచ్చు. నేను ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకి అలాగే చేసి పెట్టాను.

యాడ్స్ గురించి చిన్న మాట. యాడ్స్‌ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పూర్తి రూపం ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తుంది. క్రోమ్ 2024-25లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లని ఆపేశాక అక్కడ మిగిలింది ‘లైట్’ రూపమే. అది కూడా పర్వాలేదు గానీ బలం తక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసి ఈ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే న్యూస్ సైట్లు చదవడానికి ప్రాణం హాయిగా ఉంటుంది, డేటా కూడా కలిసొస్తుంది. బ్రేవ్‌లో యాడ్ బ్లాకర్ లోపలే ఉంటుంది, ఏమీ వేసుకోనక్కర్లేదు. సెట్టింగ్స్ ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకి అది తేలిక.

నలుగురు వాడే సిస్టమ్ అయితే ఇన్‌కాగ్నిటో (చూసినవి గుర్తుపెట్టుకోని కిటికీ) కంటే గెస్ట్ విండో మేలు. ఇన్‌కాగ్నిటోలో ఆ సిస్టమ్ యజమాని బుక్‌మార్క్‌లూ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లూ వచ్చినవాళ్లకి కనబడే వీలుంది. గెస్ట్‌లో అవేవీ ఉండవు. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే గెస్ట్ అని వస్తుంది. కానీ ఇన్‌కాగ్నిటో అయినా గెస్ట్ అయినా దింపిన ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉండిపోతుంది. మీ ఆధార్ పీడీఎఫ్, పదో తరగతి మార్కుల జాబితా ప్రింట్ తీసుకున్నాక దాన్ని డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవండి. నెట్ సెంటర్ వాళ్లని అడగడానికి మొహమాటపడొద్దు, చేయమంటే మేం చేస్తాం.

ఒకే సైట్‌లో రెండు లాగిన్లు కావలసిన వాళ్లుంటారు. ఇంటి మెయిల్, ఆఫీసు మెయిల్, లేదా ఇద్దరు పిల్లల స్కాలర్‌షిప్ ఖాతాలు. దీనికి ఫైర్‌ఫాక్స్‌లో మల్టీ అకౌంట్ కంటైనర్స్ అని మొజిల్లా వాళ్లదే ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది. పక్కపక్క ట్యాబుల్లోనే ఒక దాంట్లో పెద్దవాడి ఖాతా, ఇంకో దాంట్లో చిన్నదాని ఖాతా తెరుచుకోవచ్చు. ట్యాబ్ మీద రంగు గీత ఉంటుంది కాబట్టి కలగాపులగం అవదు. క్రోమ్, ఎడ్జ్‌లలో ప్రొఫైల్స్‌తో ఈ పనే చేయొచ్చు గానీ ఒక్కో దానికీ ఒక్కో కిటికీ.

ఎడ్జ్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు. రెండు పనులకి నాకు అదే కావాలి. మొదటిది పాత పోర్టళ్లు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సాగనంపినా, దాని కోసమే కట్టిన సైట్లు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ అనే చోట ఐఈ మోడ్‌ని (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే పద్ధతి) అనుమతించి, ఆ పేజీ అడ్రస్‌ని జాబితాలో చేరిస్తే తెరుచుకుంటుంది. అలా చేర్చింది 30 రోజులే ఉంటుంది, తర్వాత మళ్లీ చేర్చాలి. “మొన్నటిదాకా బాగానే పనిచేసింది, ఇవాళ ఏటయిందో” అంటే మొదట ఆ గడువే చూడండి.

రెండోది చదివి వినిపించడం. కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కితే ఎడ్జ్ పేజీని బయటికి చదువుతుంది. తెలుగుకి శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి, రెండూ వినబుద్ధి అయ్యేలా ఉంటాయి. కళ్లు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా నాన్న పొద్దున్న వార్తలన్నీ మోహన్ చేతే చదివించుకుంటున్నారు. అంకెలు వచ్చిన చోట తడబడితే కోప్పడతారు కూడా.

ఇంకా పాప్-అప్ గొడవ. రసీదు ప్రింట్ నొక్కితే ఏమీ రాలేదంటే మళ్లీ మళ్లీ నొక్కొద్దు, ఫీజు కట్టే పేజీ అయితే అసలే నొక్కొద్దు. అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు వచ్చిందేమో చూడండి. బ్రౌజర్ ఆ కిటికీని ఆపేసి ఉంటుంది, అక్కడే అనుమతించొచ్చు.

వెబ్‌సైట్లు చేసేవాళ్లకి

ఇక్కడ బ్రౌజర్ అంటే పనిముట్టు. ముందుగా ఒక పని చేయండి: వెబ్‌సైట్ పనికి విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకోండి, అందులో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేకుండా. యాడ్ బ్లాకర్ మీ స్క్రిప్ట్‌ని ఆపేసిందో, మీ కోడే తప్పో తేల్చుకోలేక గంటలు పోగొట్టుకున్న కుర్రాళ్లని చూశాను. ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ (పేజీ లోపలిది చూపించే సాధనాలు) తెరిచి నెట్‌వర్క్ ప్యానెల్‌లో ‘డిజేబుల్ క్యాష్’ టిక్ కూడా పెట్టండి. ఆ టూల్స్ తెరిచి ఉన్నంతసేపూ పాత ఫైళ్లు రావు.

నా పద్ధతి ఇది. పేజీ రూపం ఫైర్‌ఫాక్స్‌లో దిద్దుతాను. జావాస్క్రిప్ట్, వేగం క్రోమ్‌లో చూస్తాను. చివర్లో ఐఫోన్ ఉన్నవాళ్లని బతిమాలుకుని సఫారీలో చూస్తాను.

ఫైర్‌ఫాక్స్ ఎందుకంటే, మనం రాసేది తెలుగు పేజీలు. ఒకసారి పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన తన సైట్ ఫోన్‌లో చూసి నాకు ఫోన్ చేశారు. “ఏటమ్మా, జీడిపప్పు కాస్తా జీడిపపు అయిపోయిందేటి? కింద కోసీసినట్టుంది!” నా సిస్టమ్‌లో చూస్తే అంతా శుభ్రంగా ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ మాట మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కి, ఫాంట్స్ అనే ట్యాబ్ తెరిస్తే అక్కడ నిజంగా వాడుతున్న ఫాంట్ పేరు కనబడుతుంది. నా విండోస్‌లో నిర్మలా యూఐ. ఆయన ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు. రెండింటి ఎత్తులు వేరు. ఇంగ్లీషు అక్షరాలని చూసుకుని తయారైన టెంప్లేట్ (రెడీమేడ్ పేజీ నమూనా) నేను వాడాను, అందులో లైన్ హైట్ (వరస ఎత్తు) 1.2 ఉంది, పైగా బటన్‌కి ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే అంచు దాటింది కనబడకుండా చేసే సెట్టింగ్, పెట్టి ఉంది. ఇంగ్లీషుకి కింద వేలాడేవి జీ, వై లాంటి నాలుగైదు అక్షరాలే. మనకి ‘ప్పు’ కింద వత్తు, ‘శ్రీ’కి రావత్తు, ‘క్ష్మి’ అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఆ వత్తు బటన్ అంచు దాటగానే తెగిపోతోంది.

మందు తేలికే. తెలుగు ఉన్న చోట లైన్ హైట్ 1.6 నుంచి 1.8 ఉంచండి. బటన్లకి, కార్డులకి ఎత్తుని పిక్సెళ్లలో బిగించకండి, లోపల పై కింద ఖాళీ ఇవ్వండి, ఎత్తు దానంతట అదే వస్తుంది. రెండు లైన్లకి కత్తిరించే లైన్ క్లాంప్ వాడితే రెండో లైను వత్తులు ఉన్నాయో లేదో ప్రత్యేకంగా చూడండి. ఫాంట్‌ని ఫోన్ ఇష్టానికి వదలకుండా మీరే వెబ్ ఫాంట్‌గా, పేజీతో పాటే, పంపండి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి. వాటిలో ‘గిడుగు’ అనే ఫాంట్ కూడా ఉంది, శీర్షికలకి బాగుంటుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మా జిల్లా పర్వతాలపేటలో పుట్టినవారు కాబట్టి ఊళ్లో వాళ్ల సైట్ అయితే నేను శీర్షికకి అదే పెడతాను, ఎవరూ వద్దనలేదు. విషయానికి నోటో సాన్స్ తెలుగు చాలు. ఏ ఫాంట్ వచ్చిందో క్రోమ్‌లో కూడా చూడొచ్చు, కంప్యూటెడ్ అనే ట్యాబ్‌లో అట్టడుగున ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో వెతుక్కోనక్కర్లేదు, అంతే తేడా.

ఫైర్‌ఫాక్స్‌లో నాకు నచ్చే ఇంకో సంగతి: మీరు రాసిన సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) లైను పనిచేయనప్పుడు దాన్ని మసక చేసి, పక్కన చిన్న గుర్తు పెడుతుంది. దాని మీద మౌస్ పెడితే ఎందుకు పనిచేయలేదో, ఏం మార్చాలో చెబుతుంది. క్రోమ్‌లోకీ ఇది వచ్చింది గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఫైర్‌ఫాక్స్ వివరణ సులువుగా ఎక్కుతుంది.

వేగం దగ్గరికొస్తే క్రోమ్. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ప్యానెల్‌లో ‘నో థ్రాట్లింగ్’ ఉన్న చోట 3జీ గానీ, స్లో 4జీ గానీ ఎంచుకోండి. మీ ఇంట్లో ఫైబర్ ఉంది. ఉద్దానంలో తోటలో నిలబడి మీ సైట్ తెరిచే మనిషికి ఒకటే గీత సిగ్నల్ ఉంటుంది. పేజీ తెల్లగా ఎంతసేపు ఉంటోందో ఒకసారి మీరూ అనుభవించండి. ఆ తర్వాత పేజీని పరీక్షించి మార్కులిచ్చే లైట్‌హౌస్ నడపండి, క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ ఉంటుంది. అందులో మార్కుల కోసం పాకులాడకండి. కింద ఇచ్చే జాబితాలో ఏ ఫొటో ఎన్ని కేబీలు వృథా చేస్తోందో చూడండి. ఖద్దరు చీరల ఫొటోలు కెమెరా నుంచి తీసినవి తీసినట్టే ఎక్కించేస్తారు, ఒక్కోటీ ఐదారు ఎంబీలు. వాటిని వెబ్‌పీ (తక్కువ సైజు ఫొటో ఫార్మాట్) చేసి వెడల్పు తగ్గిస్తే చాలు, సగం జబ్బు నయం.

డెస్క్‌టాప్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఎం నొక్కితే వచ్చే ఫోన్ చట్రం కొలతల కోసం పనికొస్తుంది, అది అసలు ఫోన్ కాదు. అసలు ఫోన్‌ని కేబుల్‌తో కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌లో క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీ (chrome://inspect) తెరిస్తే ఫోన్‌లో ఉన్న ట్యాబులు అక్కడ కనబడతాయి. శాంసంగ్ ఇంటర్నెట్ ట్యాబులు కూడా వస్తాయి. ఫోన్‌లోని బటన్ రంగుని కంప్యూటర్ నుంచి మార్చి చూడొచ్చు. ఇది ఒకసారి అలవాటైతే వదల్లేరు. పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయడం మర్చిపోకండి.

సఫారీ మాత్రం తలనొప్పే. విండోస్‌కి దాన్ని యాపిల్ 2012లోనే ఆపేసింది. ఇప్పటికీ ఆ పాత 5.1.7 వెర్షన్ ఎక్కడో దొరికితే వేసి పరీక్ష చేసేవాళ్లున్నారు, దానివల్ల ఒరిగేది సున్నా. మ్యాక్ లేనివాళ్లకి దగ్గరి దారి ప్లేరైట్. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఈ ఉచిత సాధనం విండోస్‌లో కూడా ఒక వెబ్‌కిట్ దింపుకుని నడుపుతుంది. లినక్స్ అయితే గ్నోమ్ వెబ్ అనే బ్రౌజర్ వెబ్‌కిట్ మీదే నడుస్తుంది. పేజీ అమరిక చూసుకోవడానికి ఇవి చాలు. తెలుగు అక్షరాల రూపం విషయంలో మాత్రం వీటిని నమ్మకండి. అక్షరాల్ని కూర్చే పని ఐఫోన్‌లో యాపిల్ సొంత వ్యవస్థ చేస్తుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేక కోడ్ వరసలో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు టపటపా మూసుకుపోయేవి, యాపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అందుకే అసలు ఐఫోన్‌లో ఒక్కసారైనా చూడాలంటాను.

ఐఫోన్ చేతికొచ్చినప్పుడు ముఖ్యంగా చూడాల్సినవి రెండు. తెర నిండా ఉండాల్సిన మొదటి బొమ్మకి 100 వీహెచ్ (తెర ఎత్తుని బట్టి కొలిచే కొలత) ఎత్తు ఇస్తే, అడ్రస్ బార్ కనబడుతున్నప్పుడు కింద ఉన్న ‘ఆర్డర్ చేయండి’ బటన్ దాని వెనక దాక్కుంటుంది. వీహెచ్ బదులు అడ్రస్ బార్‌ని బట్టి మారే డీవీహెచ్ వాడండి, సఫారీ 15.4 నుంచి ఉంది. రెండోది, కార్ట్‌ని లోకల్ స్టోరేజ్‌లో (వాడేవాళ్ల బ్రౌజర్‌లోనే ఉండే నిల్వ) దాచారా? వాడేమనిషి సఫారీ వాడుతూనే 7 రోజులు మీ సైట్ వైపు రాకపోతే సఫారీ దాన్ని తుడిచేస్తుంది. ఎనిమిదో రోజు కార్ట్ ఖాళీ. ముఖ్యమైనది సర్వర్‌లో దాచాలి.

కొత్త సీఎస్ఎస్ ఏదైనా వాడే ముందు ఎండీఎన్ అనే వెబ్ సమాచార సైట్‌లో దాని పేజీ పైన ‘బేస్‌లైన్’ గుర్తు చూడండి. ‘వైడ్లీ అవైలబుల్’ అని ఉంటే పెద్ద బ్రౌజర్లన్నింట్లోకీ వచ్చి 30 నెలలు దాటిందని అర్థం, ధైర్యంగా వాడేయొచ్చు.

సైట్ అప్పజెప్పే ముందు ఇంకొక్క చోట చూడాలి, దీన్ని ఎవరూ చూడరు. మన సైట్ లింకులు చాలామంది తెరిచేది ఇన్‌స్టాగ్రామ్ లోంచో, ఫేస్‌బుక్ లోంచో. అక్కడ తెరుచుకునేది క్రోమ్ కాదు, ఆ యాప్ లోపలి చిన్న బ్రౌజర్. అందులో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు రావు, ఫైల్ దింపడం ఒక్కోసారి కుదరదు, యూపీఐ యాప్‌ని పిలిచే లింకు నొక్కితే తెల్ల తెర మీద ఎర్రర్ వస్తుంది. మీ సొంత ఖాతాలో ఆ లింకు పోస్ట్ చేసి, అక్కడి నుంచే తెరిచి, ఒక రూపాయి ఆర్డర్ పెట్టి చూడండి. ఆగిపోతే పేమెంట్ పేజీ మీద “పైన మూడు చుక్కలు నొక్కి బ్రౌజర్‌లో తెరవండి” అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి, పక్కనే క్యూఆర్ కోడ్, ఫోన్ నంబరు పెట్టండి. మా జీడిపప్పు ఆయనకి సగం ఆర్డర్లు ఆ ఫోన్ నంబరుకే వస్తున్నాయి.